క్యారవాన్ లాగే బండిలో డీజిల్‌ని తినేది బరువు కాదు, గాలి

ఆస్ట్రేలియాలో కొత్తగా క్యారవాన్, అంటే బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, కొన్న ఏ ఇంట్లోనైనా మొదటి దూర ప్రయాణం అయ్యాక ఒకటే చర్చ. మామూలుగా నడిపితే 100 కిలోమీటర్లకు 10, 11 లీటర్లు తాగే ల్యాండ్ క్రూజర్, వెనక మూడు టన్నుల క్యారవాన్ తగిలించగానే 20 లీటర్లు ఎందుకు తాగుతోంది అని. అక్కడ స్థిరపడి, పిల్లల స్కూలు సెలవుల్లో అలా ఒక రౌండు వేసి వద్దామనుకునే తెలుగు కుటుంబాలకు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే లెక్కే అలవాటు కాబట్టి, ఇది వాళ్ళకి ఇంకా గట్టిగా తగులుతుంది. పది ఇచ్చే బండి ఐదు ఇస్తోంది. బండి పాడైందేమో, ఇంజిన్‌కి శక్తి పెంచే చిప్ వేయించాలేమో, ఎగ్జాస్ట్ మార్పించాలేమో అని టెన్షన్ మొదలవుతుంది. ఇలాంటివి అమ్మే షాపులకు అక్కడ కొదవ లేదు.

బండికి ఏమీ కాలేదు. 20 లీటర్లు మామూలు సంగతే. దాన్ని 17కి దించాలన్నా, 26కి ఎక్కించాలన్నా అది చాలావరకు కుడికాలి చేతిలోనే ఉంది, కొనే సామాను చేతిలో కాదు. సామాను కొనవద్దని కాదు. కొన్ని తప్పనిసరిగా కొనాలి కూడా, కానీ అవి ప్రాణాల కోసం, గేర్‌బాక్స్ కోసం, చట్టం కోసం. మైలేజీ పేరు చెప్పి వాటిని అమ్మితే నమ్మొద్దు.

లెక్క వేసి చూస్తే విషయం తేటగా తెలుస్తుంది. బండి 2,800 కిలోలు, క్యారవాన్ 3,000 కిలోలు, మొత్తం 5,800 కిలోలు అనుకుందాం. మంచి తారు రోడ్డు మీద టైర్లు దొర్లడానికి అయ్యే నిరోధం బరువులో ఒక శాతం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, అంటే సుమారు 630 న్యూటన్లు, స్పీడు పెరిగినా ఇది పెద్దగా మారదు. గాలి సంగతి వేరు. రెండున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న పెట్టెను గాలిలోకి తోసుకుంటూ పోవాలి. ఇలాంటి క్యారవాన్‌కి ముఖం వైశాల్యాన్నీ ఆకారాన్నీ కలిపి చూస్తే గాలికి అడ్డుపడే విలువ నాలుగున్నర చదరపు మీటర్ల దగ్గర ఉంటుందనుకుంటే, 90 కిలోమీటర్ల స్పీడులో గాలి నిరోధం దాదాపు 1,700 న్యూటన్లు. 100లో 2,100. 110లో 2,500 పైనే. స్పీడు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 90 నుంచి 110కి స్పీడు పెరిగింది 22 శాతమే అయినా నిరోధం సగానికి సగం పెరిగిపోయింది.

ఇక లీటరు డీజిల్‌లో దాదాపు 36 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది, అందులో చక్రాల దాకా వచ్చేది మూడో వంతు, అంటే 12. ఈ లెక్కన 100 కిలోమీటర్లకు 80 స్పీడులో 16 లీటర్లు, 90లో 19, 100లో 22న్నర, 110లో 26 పడతాయి. ఇవి ఒక ఊహా క్యారవాన్‌కి వేసిన అంకెలే. అయినా పెద్ద క్యారవాన్ లాగేవాళ్ళు చెప్పుకునే అంకెలు కూడా ఇదే పరిధిలో ఉంటాయి. 90 దగ్గర మొత్తం నిరోధంలో నాలుగింట మూడు వంతులు గాలిదే అని గమనించాలి. మిగతావన్నీ కలిపి పావు వంతు కోసం పోట్లాడుకుంటున్నాయి.

అదే లెక్కలో బరువు సంగతి చూడండి. క్యారవాన్‌లో ఇంకో 100 కిలోలు వేస్తే చదును రోడ్డు మీద 100 కిలోమీటర్లకు పెరిగేది లీటరులో పదో వంతు కంటే తక్కువ. బియ్యం బస్తా, గ్రైండరు, కుక్కర్లు దింపేసి మైలేజీ పెరుగుతుందని ఎదురుచూస్తే ఏమీ కనపడదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం బరువు తన వాటా అడుగుతుంది. 5,800 కిలోల్ని 100 మీటర్లు పైకి లేపడానికి దాదాపు అర లీటరు కావాలి. క్వీన్స్‌లాండ్‌లోని టూవూంబా రేంజ్ కొండదారి ఎక్కేటప్పుడు డాష్‌బోర్డు మీద 50, 60 లీటర్ల అంకె కనపడి గుండె ఆగినంత పనవుతుంది కానీ, ఆ ఎక్కుడు కొన్ని కిలోమీటర్లే. దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది కూడా. రోజంతా ఎదురొచ్చే గాలి మాత్రం తీసుకున్నది ఏదీ తిరిగి ఇవ్వదు.

స్పీడు తగ్గిస్తే టైము పోతుంది కదా అంటారు. రోజుకు 500 కిలోమీటర్లు వెళ్ళేవాళ్ళకు 100 బదులు 90లో వెళితే అరగంట ఆలస్యం, మిగిలేది 16 లీటర్లు. లీటరు రెండు డాలర్లు అనుకుంటే 30 డాలర్ల పైమాటే. 110లో వెళ్ళేవాళ్ళు 90కి దిగితే గంట పోయి దాదాపు 35 లీటర్లు మిగులుతాయి. న్యూ సౌత్ వేల్స్‌లో అయితే బండి, ట్రైలర్ కలిపిన మొత్తం బరువు పరిమితి, అంటే జీసీఎం, 4.5 టన్నులు దాటితే బోర్డు మీద 110 ఉన్నా 100 దాటకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది. అలాగని 75లో పాకుతూ పోవడం కూడా సరికాదు. స్టువర్ట్ హైవే మీద వెనక నుంచి వచ్చేది 53.5 మీటర్ల పొడవు ఉండగల రోడ్ ట్రైన్, అంటే వరసగా ట్రైలర్లు లాగే పెద్ద ట్రక్కు. దాని డ్రైవరు మన పక్క నుంచి దాటాలంటే ఎదురుగా చాలా దూరం ఖాళీ రోడ్డు కావాలి. అందుకే 90, 95 దగ్గర నిలకడగా ఉండి, యూహెచ్ఎఫ్ రేడియోలో 40వ ఛానెల్ పెట్టుకుని, ట్రక్కు పక్కకి వచ్చాకే కాలు కాస్త తీసి దారివ్వడం పద్ధతి. క్యారవాన్లవాళ్ళు తమలో తాము మాట్లాడుకునేది 18లో, కానీ ట్రక్కు డ్రైవర్లు వినేది 40. మైలేజీ కోసం స్పీడు తగ్గించాలనుకునేవాళ్ళకు చిప్ కంటే ఈ రేడియో ఎక్కువ అవసరం, ఎందుకంటే నిదానంగా వెళ్ళే ధైర్యం వచ్చేది వెనక ఉన్నవాళ్ళతో మాట్లాడగలిగినప్పుడే.

గాలే అసలు ఖర్చు అని తెలిశాక క్యారవాన్ ఎంపిక దగ్గర కూడా చూపు మారాలి. కొనేటప్పుడు అందరూ బరువు అడుగుతారు, ఎత్తు అడగరు. పైకప్పు మడిచి దించుకోగల పాప్ టాప్ రకం, పూర్తి ఎత్తు ఉన్నదానికంటే దాదాపు అర మీటరు కురచగా ఉంటుంది, అంటే గాలికి ఎదురు నిలిచే ముఖంలో ఒక చదరపు మీటరు పైనే తగ్గినట్టు. బండి వెనక దాక్కునే క్యాంపర్ ట్రైలర్లు ఇంకా తక్కువ తాగుతాయి. వర్షంలో పాప్ టాప్ లేపుకోవడం, గుడ్డ అంచుల నుంచి చలి రావడం కష్టాలే, దానికి ఇష్టపడని కుటుంబం పూర్తి ఎత్తుదే తీసుకోవచ్చు. డీజిల్ లెక్క తెలిసి తీసుకుంటే చాలు.

బరువు మైలేజీకి పెద్ద శత్రువు కాదన్నాం కదా అని దాన్ని తేలిగ్గా తీసుకుంటే మాత్రం ప్రమాదం. అసలు ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బ్రోచర్‌లో 3,500 కిలోలు లాగుతుంది అని రాసి ఉంటుంది, అది చూసి 3,500 కిలోల క్యారవాన్ బుక్ చేస్తారు. ల్యాండ్ క్రూజర్ 300నే తీసుకోండి. బండి మీద మొత్తం ఉండదగిన బరువు, అంటే జీవీఎం, 3,280 కిలోలు. గ్రేడును బట్టి ఖాళీ బండే 2,500 నుంచి 2,600 కిలోల దాకా తూగుతుంది. ఇప్పుడు 3,500 కిలోల క్యారవాన్ తగిలిస్తే, అందులో పదో వంతు, 350 కిలోలు, టో బాల్ మీద, అంటే క్యారవాన్‌ని తగిలించే గుండు మీద, పడుతుంది, అది బండి మోసే బరువులోకే వస్తుంది. 3,280లోంచి 350 పోతే 2,930. 2,600 కిలోల గ్రేడు అయితే మిగిలింది 330 కిలోలు. నలుగురు మనుషులు ఎక్కితే అందులో 250 పైగా అయిపోయింది. ముందు స్టీలు బుల్ బార్, వెనక ఫ్రిజ్, రెండో బ్యాటరీ, డ్రాయర్లు, పైన ర్యాక్, ఇవన్నీ ఎక్కడ పెడతారు? ఇంత పెద్ద బండి పరిస్థితే ఇది. ఇసుజు డి-మ్యాక్స్, ఎంయూ-ఎక్స్ లాంటి వాటికి బండిని, క్యారవాన్‌ని కలిపిన మొత్తం బరువుకి ఉండే జీసీఎం పరిమితి ఆరు టన్నుల దగ్గరే ఉంటుంది కాబట్టి, వెనక మూడున్నర టన్నులు పెట్టాక బండిలో కుటుంబం ఎక్కితే ఇక సామానుకి పెద్దగా చోటు ఉండదు. ఏ సామాను కొన్నా ముందు దాని బరువు అడగాలి, ట్రిప్పుకి ముందు ఫుల్ ట్యాంకుతో, నీళ్ళతో, మనుషులతో వే బ్రిడ్జి ఎక్కించి చూడాలి. ఊహలు అక్కడ నిలబడవు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సువాళ్ళు అడిగేది కూడా ఈ అంకెలే.

ఆ 350 కిలోలు బండిని ఏం చేస్తాయో కాస్త దగ్గరగా చూడాలి. టో బాల్ వెనక ఇరుసుకి దాదాపు 1.2 మీటర్లు వెనగ్గా ఉంటుంది, రెండు ఇరుసుల మధ్య దూరం 2.85 మీటర్లు. వెనక నొక్కితే ముందు లేస్తుంది. ముందు చక్రాల మీంచి దాదాపు 150 కిలోలు పోతాయి, అవి కూడా వెనక ఇరుసు మీదే పడి అక్కడ 500 కిలోలు పెరుగుతాయి. స్టీరింగు తేలికైపోతుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి, ముందు బ్రేకులకు పట్టు తగ్గుతుంది. దీనికి చాలామంది వెనక స్ప్రింగుల్లో ఎయిర్‌బ్యాగులు పెట్టించి, బండి చదునుగా కనపడగానే సమస్య తీరిందనుకుంటారు. బండి లేచింది, నిజమే. ముందు చక్రాల మీంచి పోయిన బరువు మాత్రం తిరిగి రాలేదు. దాన్ని తిరిగి ముందుకి తోసేది స్ప్రింగు బార్లు ఉన్న వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒక్కటే. అది కూడా బండి హ్యాండ్‌బుక్ ఒప్పుకుంటేనే, హిచ్ రకం కుదిరితేనే. గుంతల మట్టిరోడ్ల కోసం అన్ని వైపులా తిరిగే డీవో35 లాంటి హిచ్ పెట్టుకున్నవాళ్ళు ఈ బార్ల సంగతి అమ్మేవాడిని ముందే అడిగి తెలుసుకోవాలి.

బ్రేకుల దగ్గర బేరాలు లేవు. ట్రైలర్ 2,000 కిలోలు దాటితే దాని అన్ని చక్రాలకూ బ్రేకులు ఉండాలి, హిచ్ ఊడిపోతే వాటంతటవే పట్టి 15 నిమిషాలైనా వదలకుండా ఉండే ఏర్పాటు ఉండాలి. డ్రైవరు దగ్గర ఎలక్ట్రిక్ బ్రేక్ కంట్రోలర్ ఉంటుంది. క్యారవాన్ అటూఇటూ ఊగడం మొదలైతే కాలు బండి బ్రేకు మీదకి పోకూడదు, యాక్సిలరేటర్ వదిలి, ఆ కంట్రోలర్ మీటతో క్యారవాన్ బ్రేకుల్ని మాత్రమే పట్టించాలి. కొత్తవాళ్ళు ఖాళీ రోడ్డు మీద చేత్తో వెతుక్కోకుండా ఆ మీట అందేలా అలవాటు చేసుకోవడం చాలా ముఖ్యం. ఊగడానికి అసలు కారణం చాలాసార్లు సామాను సర్దడంలోనే ఉంటుంది, బరువంతా క్యారవాన్ వెనక కొసన పెట్టి టో బాల్ మీద చాలినంత లేకపోతే మంచి హిచ్ కూడా కాపాడలేదు. ఈ బ్రేకులకు మైలేజీతో ఒక చిన్న సంబంధం ఉంది. సర్దుబాటు సరిగా లేక ఒక చక్రం బ్రేకు రాసుకుంటూ ఉంటే డీజిల్ తెలియకుండా కారిపోతుంది. టీ తాగడానికి ఆగినప్పుడు నాలుగు హబ్‌లకీ చేతిలో పట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చూపిస్తే ఏది మిగతావాటికంటే వేడిగా ఉందో నిమిషంలో తెలుస్తుంది. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. బేరింగు పోవడానికి ముందు కూడా ఇదే చెబుతుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి మాత్రం డబ్బు పెట్టొచ్చు. ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ లాక్ కాకుండా తిరుగుతున్నంతసేపూ ఇంజిన్ ఇచ్చే శక్తిలో కొంత నూనెను వేడి చేయడానికే పోతుంది. ఎక్కుడులో బండి గేర్లు మాటిమాటికీ మారుస్తూ తడబడుతుంటే అదే జరుగుతోందని అర్థం. ఆరు గేర్ల టొయోటా ప్రాడో 150 లాంటి బండిలో చేత్తో ఐదో గేరుకో నాలుగో గేరుకో దించి, ఆర్‌పీఎం కాస్త పెరిగినా కన్వర్టర్ లాక్ అయ్యేలా ఉంచితే నూనె చల్లగా ఉంటుంది, డీజిల్ కూడా పెరగదు, చాలాసార్లు తగ్గుతుంది. ఎక్కుడులో క్రూజ్ కంట్రోల్ తీసేసి స్పీడుని 10, 15 పడనివ్వాలి, క్రూజ్ అయితే ఆ స్పీడు కోసం ప్రాణం పెడుతుంది. నూనె వేడిని చూపించే గేజ్, వేసవిలో లాగేవాళ్ళకు అదనపు గేర్‌బాక్స్ కూలర్, ఇవి దండగ కావు. చిప్పులు, రీమ్యాపింగుల సంగతికొస్తే, గాలికి కావలసిన శక్తిని ఏ చిప్పూ తగ్గించలేదు. టార్క్ పెరిగి పై గేరు నిలబడితే కొంచెం లాభం ఉండొచ్చు, కానీ ఆ అదనపు టార్క్‌తో పాటు వచ్చే వేడినీ, వారంటీ చిక్కునీ కూడా లెక్కలో వేసుకోవాలి.

పెట్రోలు బండి వద్దే వద్దు అనే మాట కూడా అంత గట్టిది కాదు. నిస్సాన్ పెట్రోల్ వై62లో 5.6 లీటర్ల వీ8 ఇంజిన్ ఉంటుంది, క్యారవాన్‌తో అది డీజిల్ ల్యాండ్ క్రూజర్ కంటే 100 కిలోమీటర్లకు ఐదారు లీటర్లు ఎక్కువే తాగుతుంది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు లాగేవాళ్ళకు అది 500, 600 లీటర్ల తేడా, వెయ్యి డాలర్లు దాటుతుంది. కానీ ఒకే స్థాయి గ్రేడులు పోల్చితే ఆ బండి ధర వేల డాలర్లు తక్కువ. ఏడాదిలో రెండు సెలవుల ట్రిప్పులకు మాత్రమే క్యారవాన్ తీసేవాళ్ళకు ఆ తేడా ఎన్నేళ్ళకు తిరిగొస్తుందో లెక్క వేసుకుంటే పెట్రోలు బండే లాభం అనిపించవచ్చు. ఏడాదంతా రోడ్డు మీదే ఉండే రిటైరైనవాళ్ళకు డీజిలే.

టైర్లు మొత్తం నిరోధంలో పావు వంతు కాబట్టి, వాటిలో పది శాతం మార్పు వచ్చినా డీజిల్ రెండు మూడు శాతం మారుతుంది. తారు రోడ్డే తొంభై శాతం అయినప్పుడు లోతైన గాళ్ళున్న మడ్ టైర్లు వేసుకోవడం శబ్దానికీ ఖర్చుకీ తప్ప దేనికీ కాదు. గాలి ఒత్తిడి మాత్రం ప్రతి ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూడాలి. గంట నడిచాక నాలుగైదు పీఎస్ఐ కంటే బాగా ఎక్కువ పెరిగితే పొద్దున తక్కువ పెట్టారని అర్థం. ఇంజిన్‌కి పైనుంచి గాలి అందించే గొట్టం, స్నార్కెల్, దుమ్ము కోసం, బుల్ బార్ సాయంత్రం వేళ రోడ్డు దాటే కంగారూల కోసం, పెద్ద అద్దాలు చట్టం కోసం. వీటిలో మైలేజీ పెంచేది ఒక్కటీ లేదు.

అదనపు డీజిల్ ట్యాంకు ఇంకో పెద్ద ఖర్చు. 60 లీటర్లు అదనంగా పెడితే డీజిలే 50 కిలోలు, ట్యాంకు బరువు వేరు, అదీ తరచూ వెనక ఇరుసు దగ్గరే, ఇప్పటికే 500 కిలోలు పెరిగిన చోటే. ల్యాండ్ క్రూజర్ 300లో 110 లీటర్లు పడుతుంది. 20 లీటర్ల లెక్కన 500 కిలోమీటర్లు నిశ్చింతగా వెళుతుంది. సౌత్ ఆస్ట్రేలియాలోని సెడూనా నుంచి పడమర వైపు నార్స్‌మన్ దాకా 1,200 కిలోమీటర్ల నలార్బర్ దారిలో బంకుల మధ్య దూరం ఎక్కడా 200 కిలోమీటర్లు దాటదు. ఒక్క మలుపు లేకుండా 146.6 కిలోమీటర్లు సాగే రోడ్డుకి ఆ చివర దాటి కాస్త ముందుకెళితే బల్లడోనియా, ఈ చివర కైగూనా రెండుచోట్లా రోడ్‌హౌస్‌లు ఉన్నాయి. అక్కడ ధర ఎక్కువ, నిజమే, కానీ ఆ ధర తేడాని తప్పించుకోవడానికి వేల డాలర్ల ట్యాంకు కొనడం కుదిరే బేరం కాదు. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఫ్యూయల్‌వాచ్ అనే ప్రభుత్వ ఏర్పాటు ఉంది, అందులోకి వచ్చే బంకులు రేపటి ధర ఈరోజే చెప్పాలి, ఉదయం ఆరు నుంచి 24 గంటలు అది మార్చకూడదు. రేపు పెరుగుతుందో తగ్గుతుందో ఇవాళే చూసి నింపుకోవచ్చు. గిబ్ రివర్ రోడ్డు లాంటి మారుమూల మట్టిరోడ్లు పట్టేవాళ్ళకు పెద్ద ట్యాంకు అవసరం, మిగతావాళ్ళకు ఆ బరువుతో నీళ్ళు మోసుకోవడం నయం.

నలార్బర్ మీద అసలు చూసుకోవలసింది బంకుని కాదు, గాలి ఎటు వీస్తోందో. చెట్లు లేని మైదానం, గాలికి అడ్డు ఏదీ ఉండదు. పై లెక్కలోని బండే 90లో వెళుతూ 30 కిలోమీటర్ల ఎదురుగాలిలో పడితే క్యారవాన్‌కి తగిలేది 120 స్పీడు గాలి. 19 లీటర్లు కాస్తా 30 అవుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే 11, 12 లీటర్లతో సరిపోతుంది. ఎదురుగాలిలో 80కి దిగినా 26 పడుతుంది, అంటే గాలి లేని రోజు 110లో వెళ్ళినంత. పడమర వైపు పెర్త్‌కి వెళ్ళేవాళ్ళు బ్యూరో ఆఫ్ మెటియరాలజీ సూచన చూసి, గట్టి పడమటి గాలి ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుందని ఉంటే సెడూనాలోనే ఆగిపోవడం మంచిది. 1,200 కిలోమీటర్లకు 11 లీటర్ల చొప్పున తేడా అంటే 130 లీటర్లు. రోడ్‌హౌస్ ధరల్లో అది 260 డాలర్లు దాటుతుంది, క్యారవాన్ పార్కులో రెండు రాత్రులు ఉన్నా అంత కాదు.